తాన అంటే తందాన: 2024 అమెరికా ఎన్నికల్లో చీలిన ఒక తెలుగు బడి

ఈ కేసు రాయడానికి ఏడాది దాటేవరకు ఆగాను. ఇందులో ఉన్నవాళ్లకు ముందే చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే పెడుతున్నాను. ఊరు, రాష్ట్రం, ఉద్యోగాలు చెప్పను. కొన్ని చిన్న వివరాలు మార్చాను, పేర్ల బదులు వరసలు వాడాను. నా పని మధ్యవర్తిత్వం, అంటే ఇళ్లల్లో, అసోసియేషన్లలో, గుడి కమిటీల్లో తగాదా వస్తే రెండు పక్కలవాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించడం. ఆస్తి తగాదాలు, పదవుల తగాదాలు చాలా చూశాను గానీ, ఓటు కూడా లేని మనుషులు ఓట్ల గురించి ఇంతలా విడిపోవడం ఇదే మొదటిసారి చూడటం. ఇందులో నా పొరపాట్లు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను, ఈ పనిలో ఉన్నవాళ్లకు అవే ఎక్కువ పనికొస్తాయి.

నేపథ్యం

14 తెలుగు కుటుంబాలు కలిసి ఆదివారం పొద్దున ఒక బడి నడుపుతున్నాయి. అద్దెకు తీసుకున్న హాలు, రెండు గదులు, గుణింతాలు, వేమన పద్యాలు, చివర్లో ఎవరో ఒకరి ఇంటి నుంచి ఇడ్లీలు. బడిని మోసేది ఒకావిడ, టీచరుగారు అంటాను. ఆవిడ జిల్లావాడే ఒకతను పదేళ్లుగా "అక్కా" అంటూ ఆ ఇంట్లో మనిషిలా తిరిగాడు, ఆవిడ భర్తను "బావా" అంటాడు. అతన్ని తమ్ముడు అంటాను. మొత్తం పెద్దవాళ్లు 26 మంది, అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. మొదట్లో దాంట్లో "ఈ వారం పుస్తకాలు ఎవరు తెస్తున్నారు" తప్ప ఏమీ ఉండేది కాదు.

2024 మార్చి నుంచి ఆ గ్రూపు మారిపోయింది. గ్రూపులో ఎక్కువమంది డెమోక్రాట్ల వైపు, నాలుగు కుటుంబాలు ట్రంప్ వైపు. పైగా మధ్యలో ఆంధ్ర ఎన్నికలు వచ్చాయి, మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు, కూటమికి 175కి 164 సీట్లు, కాబట్టి అప్పటికే అందరికీ రక్తం వేడెక్కి ఉంది. జులై 15న ట్రంప్ పక్కన వాన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించాక ఆయన భార్య ఉష గారి పూర్వీకుల ఊరు తణుకు దగ్గర వడ్లూరు అని తెలిసి ఒక పక్క "మన అమ్మాయి" అనడం, వారం తిరక్కుండా డెమోక్రాట్ల వైపు హారిస్ రంగంలోకి రాగానే ఆమె తల్లిది చెన్నై అని ఇంకో పక్క "మన అమ్మాయే" అనడం. రాజకీయం అక్కడితో ఇంటి పరువు విషయమైపోయింది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఆగస్టు మొదటి వారంలో టీచరుగారు ఫోన్ చేశారు. తమ్ముడు పిల్లలిద్దర్నీ బడి మాన్పించాడు, ఫోన్ ఎత్తడం లేదు, ఇంకో కుటుంబం కూడా అదే దారిలో ఉంది. "నాలుగు నెలల్లో పదేళ్ల సంబంధం పోయిందండీ" అన్నారావిడ.

ఏం జరిగిందో గ్రూపు పైకి స్క్రోల్ చేసి చూశాను. మూడు ఘటనలు కనబడ్డాయి. మొదటిది, మార్చి 16న ఒహాయోలో ట్రంప్ తను గెలవకపోతే "రక్తపాతం" అన్న క్లిప్పు. పెద్ద పక్షం దాన్ని అంతర్యుద్ధం బెదిరింపుగా పంచింది. తమ్ముడు ఒక్కడే "ముందు కార్ల ఫ్యాక్టరీల గురించి, చైనా కంపెనీలు మెక్సికోలో కట్టే కార్లపై నూరు శాతం పన్ను గురించి మాట్లాడుతున్నాడు, మొత్తం చూడండి" అన్నాడు. కింద పదకొండు నవ్వు ఎమోజీలు. నా లెక్కలో ఆ క్లిప్పు మీద నిజాయితీగా వాదించుకోవచ్చు, ఎందుకంటే ఆయన "దేశానికే రక్తపాతం" అని కూడా అన్నాడు. కానీ ఆ వాదన అక్కడ జరగలేదు, నవ్వులే జరిగాయి.

రెండోది, జూన్ 13న ఇటలీలో జీ7 సమావేశం. బైడెన్ మిగతా నాయకుల్ని వదిలేసి ఎటో దారితప్పి పోతున్నట్టు ఒక వీడియో, తమ్ముడే పంపాడు. పూర్తి వీడియోలో ఆయన తిరిగింది అప్పుడే కిందికి దిగిన పారాచూట్ సైనికుడి వైపు, బొటనవేలు చూపించి మెచ్చుకోవడానికి. పక్కనున్న సైనికుల్ని ఫ్రేములోంచి కోసేశారు. టీచరుగారు అసలు వీడియో పెట్టి "తమ్ముడూ, ఇలాంటివి పంపకు" అన్నారు. ఆవిడన్నది నిజం. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 27న అట్లాంటా డిబేట్‌లో బైడెన్ మాట వెతుక్కోవడం దేశమంతా చూసింది. ఆ రాత్రి గ్రూపులో పెద్ద పక్షం నుంచి ఒక్క మెసేజ్ లేదు. మర్నాడు పొద్దున "జలుబట" అని ఒకటి. క్లిప్పు అబద్ధం, కానీ ఆ క్లిప్పు ఎత్తిన అనుమానం అబద్ధం కాదు, ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఆ గ్రూపులో అనగలిగిన మనిషి లేడు. జులై 21న బైడెన్ తప్పుకున్నాక కూడా ఎవరూ "తమ్ముడు చెప్పినదాంట్లో కొంత ఉంది" అనలేదు.

మూడోది జులై 13, పెన్సిల్వేనియాలో బట్లర్. ట్రంప్ చెవికి తూటా తగిలింది, సభకు వచ్చిన ఒక మనిషి చనిపోయాడు. ఫొటో కింద ఒకాయన ఒకే మాట రాశారు: "డ్రామా." తమ్ముడు పది నిమిషాలాగి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాల్లో ఎవరైనా "అలా అనకండి" అంటారేమోనని చూశానని తర్వాత నాతో చెప్పాడు. పిల్లల్ని మాన్పించింది ఆ "డ్రామా" అన్న మాటకు కాదు, ఆ పది నిమిషాలకు.

మొదట చేసినవి, ఎందుకు పనిచేయలేదు

కమిటీ కోరింది, నేనూ సరేనన్నాను: బడి గ్రూపులో రాజకీయాలు నిషేధం. నా ఆలోచన ఏమిటంటే ముందు మంట తగ్గాలి, తర్వాత మాటలు. పది రోజుల్లో రెండు కొత్త గ్రూపులు పుట్టాయి, ఒక్కో పక్షానికి ఒకటి. ఇదివరకు ఒక అబద్ధం వస్తే కనీసం అవతలివాడైనా కాదనేవాడు, ఇప్పుడు ఆ మనిషి కూడా లేడు. సెప్టెంబరు 10 డిబేట్‌లో ట్రంప్ నోట, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసవాళ్లు పెంపుడు జంతువుల్ని తింటున్నారన్న మాట వచ్చింది. ఆ నగర అధికారులు నమ్మదగిన ఫిర్యాదులేవీ లేవని చెప్పినా చిన్న గ్రూపులో అది మూడు రోజులు నడిచింది. అంతకుముందు జులైలో పెద్ద పక్షంలో బట్లర్ కాల్పులు "డ్రామా" అన్న మాట ఎలా నడిచిందో ఇదీ అలాగే. తాన అంటే తందాన, అంతే. నిషేధం పెట్టి నేను చేసిందల్లా రెండు గదుల మధ్య తలుపు మూయడం.

రెండోది ఫ్యాక్ట్‌చెక్‌లు. రెండు గ్రూపుల్లో ఒక్కొక్కరిని ఒప్పించి, వైరలైన ప్రతిదానికీ నిజనిర్ధారణ లింకు పెట్టించాను. రెండు వారాల్లో ఆ ఇద్దరినీ సొంతవాళ్లే "నువ్వు వాళ్ల మనిషివా" అనడం మొదలుపెట్టారు. ఇది నేను ముందే ఊహించాల్సింది. 1985లో స్టాన్‌ఫోర్డ్‌లో వలోన్, రాస్, లెపర్ అనే పరిశోధకులు ఒకే వార్తా కథనాల్ని ఇజ్రాయెల్ వైపువాళ్లకూ అరబ్బుల వైపువాళ్లకూ చూపిస్తే, ఇద్దరూ అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయన్నారు. మధ్యలో నిలబడిన మాట ఎవరికీ మధ్యలో కనబడదు. నేనేమో మధ్యలో ఉన్న లింకులే మందని పంచుతూ కూర్చున్నాను.

మూడోది చర్చా సాయంత్రం, అక్టోబరు మొదటి శనివారం, ఒకరి బేస్‌మెంట్‌లో, బిర్యానీ పెట్టి. రెండు వైపులా ముగ్గురేసి మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. ఇది అన్నింటికంటే చెడ్డ ఆలోచన. మాట్లాడినవాళ్లంతా అవతలివాళ్లతో కాదు, తమ వెనక కూర్చున్నవాళ్లతో మాట్లాడారు. విడిగా నాతో "మా వాళ్లు కూడా అతి చేస్తున్నారండీ" అన్న ఆయనే ఆ రోజు అందరికంటే గట్టిగా బల్ల గుద్దారు. తమ్ముడు రానేలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి నా నోట్సు మొత్తం తిరగేశాను. రెండు సంగతులు తేలాయి. ఒకటి, 26 మందిలో ఓటున్నది 9 మందికే. మిగతావాళ్లు హెచ్‌1బీలు, డిపెండెంట్లు, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా ఉన్నవాళ్లు, వచ్చినా ఇంకా పౌరసత్వం రానివాళ్లు. గట్టిగా అరిచినవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. ఎవరు గెలిస్తే తమ వీసా ఏమవుతుందోనన్న టెన్షన్ ఉంది, చేతిలో ఓటు లేదు, గ్రూపులో రాయడమే వాళ్లకున్న ఓటు. ఇది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న, నేను రెండు నెలలకు అడిగాను. రెండోది ఇంకా ఇబ్బందిపెట్టింది: నాకూ ఒక పక్కకు మొగ్గుంది, నా నోట్సులో చిన్న పక్షం తప్పులు వివరంగా, పెద్ద పక్షం తప్పులు ఒక్క ముక్కలో ఉన్నాయి. మర్నాడే తోటి మధ్యవర్తి ఒకరికి నోట్సు మొత్తం చూపించాను, అక్కణ్నుంచి ప్రతి మీటింగు తర్వాతా ఆవిడతో మాట్లాడాకే తర్వాతి అడుగు.

మలుపు

అక్టోబరు రెండో వారంలో టీచరుగారింటికి వెళ్లాను. వాళ్ల నాన్నగారు మేలో ఓటేసి విమానమెక్కి వచ్చినవారు, తిరుగు ప్రయాణం దగ్గరపడింది. సోఫాలో కూర్చుని ఫోన్లో తెలుగు వార్తలు చూస్తున్నారు, ఐదు నిమిషాలు ఒక ఛానెల్, ఐదు నిమిషాలు ఇంకో ఛానెల్. రెండూ ఎందుకండీ అన్నాను.

"ఇది వాళ్లది, అది వీళ్లది. ఇందులో గంట చెప్పింది అందులో అసలు లేదనుకోండి, ఎక్కడో ఏదో తిరకాసుంది. రెండింట్లోనూ ఉంటే జరిగిందన్నమాట."

"మరి అమెరికా వార్తలు?"

"అవి అమ్మాయి పెట్టిందే చూస్తాను. అవి మంచి ఛానెళ్లంట."

వంటింట్లోంచి గ్లాసులతో వస్తున్న టీచరుగారు ఆ మాటకు ఆగిపోయారు. నాకూ అప్పుడే వెలిగింది. మన ఊరి వార్త అనేసరికి తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, పేపరు తిరగేసేటప్పుడే ఇది ఎవరి పేపరు, ఈ హెడ్డింగు ఎందుకింత పెద్దదిగా వేశారు, లోపలి పేజీలో ఏం దాచారు అని చూస్తాం. 2019లో 151 సీట్లొచ్చిన పార్టీకి 2024లో 11 వస్తాయని ఎన్ని సర్వేలు చెప్పాయో, ఎన్ని చెప్పలేదో అందరికీ గుర్తే. అదే మనిషి అమెరికా ఛానెల్ ముందు కూర్చోగానే ఆ తెలివంతా పక్కన పెట్టేస్తున్నాడు, ఇంగ్లీషులో చెప్పింది కదా అని కొంత, తన పక్షం మాట్లాడుతోందని కొంత. నేను రెండు నెలలుగా వీళ్లకు కొత్త విద్య నేర్పాలని చూస్తున్నాను. వీళ్ల దగ్గరున్న విద్యనే ఇటు తిప్పాలి.

ఏం చేశాం

గ్రూపుల్ని వదిలేశాను. ఒక్కొక్కర్ని విడిగా కలిశాను, ఎందుకంటే చూసేవాళ్లుంటే మనిషి ఒప్పుకోడని బేస్‌మెంట్ నేర్పింది. ఒక్కొక్కరూ తమ పక్షానిదే ఒక క్లిప్పు తేవాలి, అవతలివాళ్లది తేకూడదు. ఇక్కడ నా లెక్క ఇది: అవతలివాడి అబద్ధాన్ని పట్టుకోవడం అందరికీ వచ్చు, దాంతో మనసు ఇంకా గట్టిపడుతుంది తప్ప మెత్తబడదు. తెచ్చిన క్లిప్పుకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు ఇద్దరం కలిసి చూసేవాళ్లం. అయ్యాక నాన్నగారి ప్రశ్నలే: ఇది ఎవరిది, ఎక్కడ కోశారు, ఈ పూట అవతలి ఛానెల్ దీన్ని ఎలా చూపించింది, అసలు చూపించిందా. తప్పా ఒప్పా అని నేను ఎక్కడా అనలేదు.

టీచరుగారు "రక్తపాతం" క్లిప్పే తెచ్చారు. మొత్తం చూశాక చాలాసేపు ఏమీ అనలేదు. "నేను ఇంకా ఇది బెదిరింపులాగే ఉందంటాను. కానీ కార్ల సంగతి కోసేయడం మాత్రం మసిపూసి మారేడుకాయ చేయడమే. వాడు చెప్తే నవ్వాను" అన్నారు. తమ్ముడు, నాలుగో ఫోనుకు ఒప్పుకుని, పారాచూట్ వీడియో తెచ్చాడు. కోసిందని తనకు పంపిన రోజే తెలుసట. "తెలిసి ఎందుకు పంపావు?" అంటే, "మార్చిలో నేను నిజం చెప్తే నవ్వారు కదండీ" అన్నాడు. నా నోట్సులో ఈ వాక్యం కింద రెండు గీతలున్నాయి. అతను మోసపోలేదు, మార్చి నాటి నవ్వులకు బదులు తీర్చుకున్నాడు. ఫ్యాక్ట్‌చెక్ లింకు ఇలాంటి మనిషికి ఏం చేస్తుంది?

తర్వాత అక్కాతమ్ముళ్లిద్దర్నే ఒక కాఫీ షాపులో కూర్చోబెట్టాను. షరతు ఒకటే, ఎవరి తప్పు వాళ్లే చెప్పాలి. అతను ముందు చెప్పాడు. ఆవిడ "నవ్వినందుకు కాదు తమ్ముడూ, ఆ రాత్రి బట్లర్ ఫొటో కింద నేనేమీ రాయనందుకు" అని అంతకంటే మాట్లాడలేకపోయారు. బైడెన్ గురించి, ట్రంప్ గురించి ఇద్దరి అభిప్రాయాలూ ఆ రోజు ఒక్క అంగుళం కూడా కదల్లేదు. కదలాలని నేను అనుకోలేదు కూడా.

పరీక్ష వారం తిరక్కుండా వచ్చింది. అక్టోబరు 27న న్యూయార్క్‌లో ట్రంప్ సభలో ఒక కమెడియన్ ప్వెర్టోరికోను తేలే చెత్తదీవి అన్నాడు. 29న బైడెన్ దానికి జవాబిస్తూ, తేలుతున్న చెత్త అంటే ట్రంప్ "సపోర్టర్స్" అన్నట్టు వినబడే మాటన్నాడు. వైట్‌హౌస్ విడుదల చేసిన ప్రతిలో ఎస్ ముందు పైన ఒక కామా పెట్టారు. ఆ కామా ఉంటే "ఆయన మద్దతుదారుడి" అని ఒక్క కమెడియన్ మాట గురించి అయినట్టు, లేకపోతే మద్దతుదారులంతా చెత్త అయినట్టు. ఆ మార్పుకు అక్కడి స్టెనోగ్రాఫర్లే అభ్యంతరం చెప్పారని తర్వాత వార్తలొచ్చాయి. మర్నాడు ట్రంప్ చెత్త లారీ ఎక్కి కూర్చున్నాడు. తెలుగులో అలాంటి కామాయే లేదు, 'లు' కీ 'డి' కీ చెవిలోనే తేడా తెలుస్తుంది, ఒక గుర్తు మీద ఇంత నడిచింది.

ఆ రాత్రి అక్కాతమ్ముళ్లిద్దరూ ఫోన్లో ఆ వీడియోను కలిసి నాలుగుసార్లు విన్నారట. ఆయన మాట తడబడింది, మధ్యలో వాక్యం మారింది, ఏది అనబోయాడో తేల్చలేం, అన్నదగ్గర ఆగారు. మర్నాడు టీచరుగారు తన పక్షం గ్రూపులో రాశారు: "నేను విన్నాను. నాకైతే కామా వినపడలేదు. మనవాళ్లు సర్దుతున్నారు." తమ్ముడు తన గ్రూపులో రాశాడు: "ఆయన వెంటనే మాట మార్చాడు, అది కూడా వినండి. కోసి పంపొద్దు." ఆవిడకు గంటలో విడిగా ఐదుగురు మెసేజ్ చేశారు, నాకూ అలాగే అనిపించింది అని. గ్రూపులో ఒక్కరూ రాయలేదు, విడిగా ఐదుగురు. 1950లలో మనస్తత్వవేత్త ఆష్ గీతల పొడవులు పోల్చమన్న ప్రయోగాల్లో చూసింది ఇదే కదా, అందరూ తప్పు చెప్తుంటే మనిషి లొంగిపోతాడు, కానీ గదిలో ఒక్కడు వేరే మాట అన్నా ఆ లొంగడం బాగా పడిపోతుంది. ఇక్కడ నేను చూసినంతలో, ఆ ఒక్కరు సొంతవాళ్లలో మాట చెల్లేవాళ్లయితేనే. నేను పెట్టించిన లింకులవాళ్లకు ఆ చెల్లుబాటు లేదు, బడి టీచరుకు ఉంది.

చివరిది కవర్లు. నవంబరు 1న 19 మంది తమ అభ్యర్థి గెలిచే అవకాశం నూటికి ఎంతో ఒక కార్డు మీద రాసి, పేరు పెట్టి, కవరు అంటించి నాకిచ్చారు. 2న అయోవా రాష్ట్రంలో హారిస్‌కు మూడు పాయింట్ల ఆధిక్యం అని పేరున్న సర్వే ఒకటి రాగానే పెద్ద గ్రూపులో పండగ చేసుకున్నారు. 5న ఆమె అయోవాలో సుమారు 13 పాయింట్లతో ఓడింది, దేశం మొత్తం మీద ట్రంప్‌కు 312 ఎలక్టోరల్ ఓట్లు, హారిస్‌కు 226. రెండు వారాలు ఆగి, గెలిచినవాళ్ల ఉత్సాహం, ఓడినవాళ్ల దిగులు కొంత తగ్గాక కవర్లు విప్పాం. రెండు గ్రూపుల్లోనూ అక్టోబరంతా "పక్కా", "వన్‌సైడ్" తప్ప ఇంకో మాట లేదు. కార్డుల మీద 80 దాటి రాసింది నలుగురే. ఎక్కువమంది 50, 55, 60. "వన్‌సైడ్" అని రోజూ రాసినాయన కార్డు మీద 52 ఉంది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, "నేను మీ అందరూ పక్కా అనుకుంటున్నారనుకున్నాను" అన్నారు. పక్కనాయన "నేను నిన్ను చూసి అనుకున్నాను" అన్నారు. ఇన్ని నెలల్లో ఆ హాల్లో నిజంగా నిశ్శబ్దం అయింది అప్పుడే. 1961లో క్యూబా దాడి ప్లాను ముందు అధ్యక్షుడు కెనెడీ బల్ల దగ్గర అనుమానం ఉండి కూడా నోరు మెదపని ఆయన సలహాదారు ష్లెసింజర్ గురించి చదివినప్పుడు అది పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల జబ్బు అనుకునేదాన్ని.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే మొదటి రోజే అడుగుతున్నాను: ఈ ఫలితం వల్ల మీ ఇంట్లో ఏం మారుతుంది, మీకు ఓటుందా. గ్రూపు మీటింగు చివరికే తప్ప ముందు పెట్టను. నిషేధం కోరితే ఒప్పుకోను, తప్పనిసరైతే వేరే గ్రూపులు పుడతాయని ముందే చెప్తాను. "ఎవరు అబద్ధం చెప్పారు" కంటే "ఎవరు చెప్పినప్పుడు ఎవరు ఊరుకున్నారు" అన్నది వెతుకుతాను, గాయం ఎక్కువసార్లు అక్కడే ఉంటోంది. కవర్లను మాత్రం ఆగస్టులోనే మొదలుపెట్టాల్సింది. విడిగా ఇంత అనుమానం ఉందని అప్పుడే తెలిసుంటే ఆ రెండు గ్రూపులూ అంత బిగుసుకునేవి కావని నా నమ్మకం, ఒక్క కేసుతో దాన్ని రుజువు చేయలేను.

పనిచేయనిచోట పనిచేయలేదు కూడా. రెండు కుటుంబాలు చివరిదాకా నన్ను కలవలేదు, వాళ్లలో ఒకరు వేరే ఊరి బడికి మారారు. చిన్న గ్రూపు ఇంకా ఉంది, పెద్దదీ ఉంది.

తమ్ముడి పిల్లలు జనవరిలో బడికి తిరిగొచ్చారు. చిన్నది బడి మానేసిన ఆ నెలల్లో ఒత్తులు మర్చిపోయిందని టీచరుగారు శనివారాలు ఇంటికి పిలిపించుకుని దిద్దిస్తున్నారు. "డ్రామా" అని రాసినాయన ఇంతవరకు తమ్ముడికి ఏమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. పిల్లల్ని దింపాక ఇద్దరూ టీ ఫ్లాస్కు దగ్గర నిలబడతారట. పోయిన ఆదివారం ఆయన రెండు కప్పులు నింపి, ఒకటి ఇటు జరిపారని టీచరుగారు ఫోన్లో చెప్పారు.